నాన్నగారి రేసు కారు: బాగు చేయించాలా, అమ్మేయాలా?

ప్రశ్న: మేము మూడు తరాలుగా కోయంబత్తూరులో స్థిరపడిన తెలుగువాళ్లం. మా నాన్నగారు కుర్రతనంలో మద్రాసు దగ్గర షోలవరం రేసులకు వెళ్లేవారు. అప్పట్లో స్వదేశం వెళ్లిపోతున్న ఒక ఇంగ్లిష్ ఎస్టేట్ మేనేజర్ దగ్గర ఆయన కొన్న సింగిల్ సీటర్ రేసు కారు ఇప్పటికీ మా షెడ్డులో ఉంది. అది 1961 నాటి లోటస్ 20 అని చెప్పేవారు. అసలు ఇంజిన్ పగిలిపోతే ఫియట్ ఇంజిన్ బిగించి చాలా ఏళ్లు నడిపారట. నాన్నగారు పోయి ఏడాది దాటింది. విల్లు రాయలేదు. ముంబై నుంచి ఒక డీలర్ వచ్చి, ఉన్నది ఉన్నట్టుగా 22 లక్షలు ఇస్తాను, నెలాఖరులోగా చెప్పమంటున్నాడు. డల్లాస్‌లో ఉన్న అన్నయ్య ఒప్పుకోవడం లేదు. ఇంగ్లండ్ నుంచి అసలు రకం ఇంజిన్ తెప్పించి, కొత్త కారులా చేసి అమ్మితే కోటి వస్తుందంటాడు. ఇక్కడ విచారిస్తే ఆ పనికి 45 లక్షలకు తక్కువ కాదన్నారు. అమ్మ ఏదీ తేల్చి చెప్పదు. షెడ్డు ఉన్న స్థలం వచ్చే ఏడాది ఖాళీ చేయాలి. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
(ఒక పాఠకురాలు, కోయంబత్తూరు)

జవాబు: అమ్మా, ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను, కారణాలు తర్వాత చూద్దాం. ఈ నెలాఖరుకి ఆ కారు అమ్మకండి. అమ్మకం కోసమని 45 లక్షలు పోసి రీస్టోర్ చేయించడం అసలే వద్దు. కారును ఉన్నది ఉన్నట్టుగా కాపాడుకుని, ఫియట్ ఇంజిన్‌తోనే మళ్లీ కదిలేలా చేయించండి. ఆ తర్వాత డబ్బు అవసరం పడినా, చూసుకునే ఓపిక లేకపోయినా అమ్మేయండి, తప్పేం లేదు. కానీ అది ఏ కారో రుజువు కాకముందే బేరం పెడితే అడ్డికి పావుసేరు చొప్పున పోతుంది. ఆ డీలర్ తొందరపెడుతున్నది కూడా అందుకేనని నా అనుమానం. ఇన్నేళ్లు ఆగిన కారు ఇంకో ఆరు నెలలు ఆగితే ఎవరికీ నష్టం లేదు.

నాన్నగారి మాట మీద నాకు అపనమ్మకం లేదు. కొనేవాళ్లకు మాత్రం మాట చాలదు. లోటస్ కంపెనీ అప్పట్లో లండన్‌కు ఉత్తరాన చెస్‌హంట్‌లో ఉండేది. కుర్ర డ్రైవర్ల కోసం పెట్టిన ఫార్ములా జూనియర్ రేసుల కోసం 1960లో 18, 1961లో 20, 1962లో 22 అని వరసగా మోడళ్లు తెచ్చింది. తర్వాత ఫార్ములా వన్ ప్రపంచ ఛాంపియన్ అయిన జిమ్ క్లార్క్ పైకి వచ్చింది ఆ 18లోనే. 1961లో ట్రెవర్ టేలర్ 20 నడిపి బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. 18 పెట్టెలా కాస్త ఎత్తుగా ఉంటుంది. 20, 22 రెండూ సన్నగా, నేలకు దగ్గరగా, డ్రైవర్ వెనక్కి వాలి కూర్చునేలా ఉంటాయి. వాటిని ఫొటోలో చూసి వేరు చేయడం కష్టం. చక్రాల లోపల చూడండి. నాలుగింటికీ డిస్క్ బ్రేకులుంటే 22 అయి ఉండొచ్చు, డ్రమ్ములుంటే 20 అయ్యే అవకాశం ఎక్కువ. అయితే రేసు కారు జీవితంలో ఏ భాగం ఎక్కడి నుంచి వచ్చి చేరిందో చెప్పలేం కాబట్టి అసలు సాక్ష్యం ఛాసిస్ నంబరే. లోటస్ 20 నంబరు 20తో మొదలై, జె అక్షరం వచ్చి, ఆ తర్వాత అంకెలు ఉంటాయి. రివెట్లు కొట్టిన చిన్న ప్లేటు మీద వెతకండి, ప్లేటు ఊడిపోయి ఉంటే ఫ్రేము గొట్టాల మీద వెతకండి. మెత్తటి గుడ్డకు కొంచెం కిరోసిన్ అద్ది తుడవండి. వైర్ బ్రష్, ఉప్పుకాగితం దగ్గరికి రానివ్వకండి. టార్చిలైటు నేరుగా కాకుండా పక్కనుంచి ఏటవాలుగా వేసి ఫొటో తీస్తే అరిగిపోయిన అంకెలు కూడా నీడలో తేలతాయి.

నంబరు దొరికితే బ్రిటన్‌లోని హిస్టారిక్ లోటస్ రిజిస్టర్‌కీ, ఫార్ములా జూనియర్ హిస్టారిక్ రేసింగ్ అసోసియేషన్‌కీ రాయండి. ఈ కార్ల జాతకాలు రాసిపెట్టుకునే మనుషులు అక్కడున్నారు. వాళ్లను అడగాల్సిన ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది: ఇదే నంబరుతో ఇంకో కారు ఎక్కడైనా తిరుగుతోందా? దశాబ్దాలపాటు ఎవరికీ కనపడని కారు నంబరును ఎవరో తమ కారుకు తగిలించుకోవడం ఈ రంగంలో కొత్తేమీ కాదు. అలా ఉందని తేలితే మీ షెడ్డులో చెక్కుచెదరకుండా ఉన్న ఆ మురికి ఫ్రేమే మీ తరఫు సాక్షి. దాన్ని ఇప్పుడే గీకి, కోసి, కొత్త గొట్టాలు వెల్డింగ్ చేయిస్తే సాక్షి నోరు మనమే నొక్కేసినట్టు.

ఈ విషయం కోర్టుల దాకా కూడా వెళ్లింది. 1929, 1930లలో ఫ్రాన్స్‌లోని లె మాన్ 24 గంటల రేసు గెలిచిన బెంట్లీ కారు ఒకటుంది, ఓల్డ్ నంబర్ వన్ అంటారు. 1990లో దాన్ని కోటి పౌండ్లకు అమ్మే ఒప్పందం జరిగాక, ఇందులో పాత భాగాలు దాదాపు ఏమీ లేవు, ఇది ఆ కారే కాదు అని కొనేవాళ్లు ఎదురుతిరిగారు. లండన్‌లో జడ్జి ఆ వాదన ఒప్పుకోలేదు. భాగాలు మారినా కారు జీవితం ఎక్కడా తెగకుండా సాగింది కాబట్టి ఆ పేరు దానికే చెందుతుందని తీర్పిచ్చారు. మీ కారుకూ ఈ తర్కం వర్తిస్తుంది. ఇంజిన్ మారినంత మాత్రాన అది లోటస్ కాకుండా పోదు. చెస్‌హంట్ నుంచి ఆ ఇంగ్లిష్ మేనేజర్ ఎస్టేట్ దాకా, అక్కడి నుంచి షోలవరం దాకా, షోలవరం నుంచి మీ షెడ్డు దాకా కథ ఎక్కడా తెగకుండా చూపించగలిగితే చాలు.

ఇక ఫియట్ ఇంజిన్ సంగతి. మీ అన్నయ్యగారు దాన్ని ఒక లోపంగా చూస్తున్నారు. నేనలా చూడను. ఫార్ములా జూనియర్ ఇటలీలో పుట్టింది. జొవాన్ని లురానీ అనే ఆయన, కుర్రాళ్లు తక్కువ ఖర్చుతో రేసింగ్ నేర్చుకోవాలని, మామూలు రోడ్డు కార్ల ఇంజిన్లతో రేసు కార్లు చేసుకునేలా దాన్ని రూపొందించాడు. మొదట్లో ఆ రేసుల్ని ఏలినవి స్టాంగ్వెల్లిని కార్లు. వాటిలో ఉన్నది ఫియట్ 1100 ఇంజినే, 1089 సీసీ. ఆ తర్వాత ఇంగ్లిష్‌వాళ్లు ఫోర్డ్ ఆంగ్లియా కారు ఇంజిన్‌ని కాస్‌వర్త్ అనే ఇంజిన్ల కంపెనీలో పదును పెట్టించి, ఇంజిన్‌ని డ్రైవర్ వెనక పెట్టి, ఇటాలియన్లను దాటిపోయారు. ఆ ఫియట్ ఇంజిన్ మాత్రం బొంబాయి చేరింది. ప్రీమియర్ వాళ్ల ఫియట్ 1100లో, ఆ తర్వాత పద్మినిలో మన రోడ్ల మీద దశాబ్దాలు తిరిగింది. విదేశీ విడిభాగం తెప్పించుకోవాలంటే లైసెన్సుల చుట్టూ తిరగాల్సిన రోజుల్లో, పగిలిన కాస్‌వర్త్ స్థానంలో మీ నాన్నగారు ఊళ్లో దొరికే ఇంజిన్ పెట్టుకున్నారు. ఆ ఇంజిన్‌కు ఫార్ములా జూనియర్‌తో ముందే చుట్టరికం ఉంది. ఈ సంగతి ఆయనకు తెలిసే చేశారో, చేతికి దొరికింది పెట్టారో గానీ ఆ పని చూస్తే నాకు గౌరవం కలుగుతోంది.

ఒకసారి కారు వెనక కూర్చుని ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య భాగం చూడండి. ఫియట్ ఇంజిన్ బోల్టులు, లోటస్ గేర్‌బాక్స్ బోల్టులు వాటంతటవే కలవవు. మధ్యలో ఎవరో ఒక అల్యూమినియం ప్లేటు చేయించి ఉండాలి. దాని మీద సాన పట్టిన గీతలు, డ్రిల్లు తప్పి మళ్లీ పూడ్చిన రంధ్రాలు, చేత్తో కొట్టిన అంకెలు కనిపించవచ్చు. ఇంజిన్‌ని మోసే బ్రాకెట్లు కూడా అలాంటివే. అవి కోయంబత్తూరు ఫౌండ్రీల్లో, లేతు షెడ్లలో పుట్టినవే అయితే, ఈ దేశంలో రేసింగ్ ఎలా బతికిందో చెప్పే వస్తువులు అంతకన్నా మంచివి దొరకవు. షోలవరం అంటే యుద్ధకాలపు విమానాల రన్‌వే. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ వచ్చేదాకా దక్షిణాదిలో రేసులంటే అదే. అక్కడ పరిగెత్తిన కార్లలో చాలావరకు ఇలా అతికించి, మార్చి, ఊపిరి పోసి నిలబెట్టినవే. వాటిలో ఎక్కువ భాగం తుక్కులో కలిసిపోయాయి. కాస్‌వర్త్ ఇంజిన్‌తో, మెరిసే పెయింట్‌తో ఉన్న లోటస్‌లు యూరప్‌లో చూడొచ్చు. షోలవరం దుమ్ముతో, ఫియట్ ఇంజిన్‌తో మిగిలిన లోటస్ మీ షెడ్డులోది. అన్నయ్యగారి ప్లాన్ ప్రకారం చేస్తే రెండో రకం కారు చెడిపోయి మొదటి రకం కారు ఒకటి పెరుగుతుంది.

ఆయన వైపు న్యాయం లేదని కాదు. యూరప్‌లో పేరున్న పాత కార్ల రేసుల్లో పాల్గొనాలంటే, సాధారణంగా ప్రపంచ మోటార్ రేసింగ్ సమాఖ్య ఎఫ్‌ఐఏ ఇచ్చే హిస్టారిక్ టెక్నికల్ పాస్‌పోర్ట్ కావాలి. ఆ కారు తన కాలంలో ఏ రూపంలో పరిగెత్తిందో ఆ రూపంలోనే ఉండాలని దాని నియమం. లోటస్ 20లో ఫియట్ ఇంజిన్‌తో ఆ పాస్‌పోర్ట్ ఆశించలేం. ఆయన నిజంగా హెల్మెట్ పెట్టుకుని ఇంగ్లండ్‌లోని సిల్వర్‌స్టోన్ ట్రాక్‌లో దిగాలనుకుంటే ఫోర్డ్ ఇంజిన్ మాట అర్థవంతమే. కానీ ఆయన చెప్పింది అమ్మకం లెక్క. అది నిలబడదు. కోటి అంటే సుమారు 80 వేల పౌండ్లు. ఆ ధరకు మీ కారు పోటీ పడాల్సింది పాస్‌పోర్ట్ చేతిలో ఉండి, పేరున్న రేసుల్లో ఏటా కనిపించే కార్లతో. 45 లక్షల అంచనా కూడా విప్పకముందు వేసింది. ఆ తరం లోటస్ చక్రాలు మెగ్నీషియంతో పోసినవి. ఇన్నేళ్ల తేమకు పొడిబారి ఉంటే నాలుగూ మార్చాలి. గేర్‌బాక్స్ లోపల ఏముందో ఎవరూ చూడలేదు. ఆ కాలపు రేసు కార్లలో కొన్నింటికి రేడియేటర్ నీళ్లు ఫ్రేము గొట్టాల్లోంచే పారేవి. మీ కారుదీ అదే పద్ధతి అయితే గొట్టం బయటికి బాగున్నా లోపల తుప్పు తినేసి ఉండొచ్చు. దిగుమతి సుంకం, రవాణా, ఇంగ్లండ్ మెకానిక్ కూలీ వీటికి అదనం. రేసు కారు రీస్టోర్ చేసి లాభానికి అమ్మడం అన్నది, సొంత వర్క్‌షాప్ ఉండి కూలీ లెక్కలో రాని వాళ్లకు తప్ప ఇతరులకు సాధ్యం కాదనే నేను నమ్ముతాను.

పైగా కొనేవాళ్ల అభిరుచి కూడా మారింది. 2023 ఆగస్టులో కాలిఫోర్నియాలోని మాంటెరే వేలంలో 1954 నాటి ఫెరారీ 500 మోండియల్ ఒకటి వచ్చింది. ఎప్పుడో ప్రమాదంలో కాలిపోయి, నలిగిపోయి, చూస్తే రేకుల ముద్దలా ఉంది. అదే 18 లక్షల 75 వేల డాలర్లకు పోయింది. ఫెరారీ వేరు, మీ కారుకు అలాంటి ధర వస్తుందని నేను అనడం లేదు. ఎవరూ చేయి పెట్టని కారుకు, చరిత్ర తెలిసిన కారుకు మెరుగుతో పనిలేకుండా డబ్బు పెట్టేవాళ్లున్నారని చెప్పడానికే ఇది. పాత వాహనాల ప్రపంచ సమాఖ్య ఫీవా 2013లో ఖాయం చేసిన టూరిన్ చార్టర్ కూడా వీలైనంత తక్కువ జోక్యం చేసుకోమనే చెబుతోంది. కొత్తగా పెయింట్ ఎప్పుడైనా వేయించుకోవచ్చు. పోయిన పాత పెయింట్ మాత్రం తిరిగి రాదు.

ఇప్పుడు చేతులతో చేయాల్సిన పని. ఎవరైనా ఉత్సాహపడి బ్యాటరీ తెచ్చి స్టార్ట్ చేయబోతే ఆపండి. ఇన్నేళ్లు నిలిచిపోయిన ఇంజిన్‌లో పిస్టన్ రింగులు సిలిండర్ గోడకు పట్టేసి ఉంటాయి. బలవంతంగా తిప్పితే విరిగిపోతాయి. స్పార్క్ ప్లగ్గులు తీసి, ఒక్కో సిలిండర్‌లో రెండు మూడు చెంచాల పల్చటి నూనె పోసి, వారం పది రోజులు నానబెట్టి, అప్పుడు స్పానర్‌తో చేత్తో మెల్లగా తిప్పి చూడాలి. కదలకపోతే అక్కడితో వదిలేయండి, తెలిసినవాళ్లే విప్పుతారు. ట్యాంకులో పాత పెట్రోలు ఉంటే జాగ్రత్తగా తీయించండి. చక్రాలను గ్రైండర్‌తో గాని, వెల్డింగ్‌తో గాని ముట్టుకోనివ్వకండి. మెగ్నీషియం పొడి అంటుకుంటే నీళ్లు పోసినా ఆరదు, మంట ఇంకా రేగుతుంది. ఫ్రేముకు శాండ్‌బ్లాస్టింగ్, అంటే ఇసుకను జోరుగా చిమ్మి తుప్పు గీకడం, చేయిస్తామని ఎవరన్నా ఒప్పుకోవద్దు. ఆ గొట్టాలు పల్చనివి, నంబర్లు కూడా చెరిగిపోతాయి. ఫైబర్ బాడీని సబ్బునీళ్లతో కడిగే ముందు ప్రతి మూలా ఫొటో తీయండి. పై రంగు పొర లేచినచోట కింద ఇంకో రంగు, పాత రేసు నంబరు అంచు కనిపిస్తే అది బంగారం. నాన్నగారు ఏ ఏడాది ఏ నంబరుతో పరిగెత్తారో దాన్ని పట్టుకుని ఫొటోలతో సరిచూడొచ్చు.

కాగితాలు కూడా ఇప్పుడే వెతకండి. రేసు కారుకు ఆర్‌సీ బుక్ ఉండదు. కాబట్టి ఆ ఇంగ్లిష్ మేనేజర్ రాసిచ్చిన రసీదు, దిగుమతి కాగితం, మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ ఎంట్రీ ఫారాలు, పాసులు, కప్పులు, పేపర్ కటింగులు, విడిభాగాల బిల్లులు, ఏది దొరికినా దాచండి. నలిగిన గ్యారేజీ బిల్లు మీద తేదీ ఉంటే అది కూడా పనికొస్తుంది. నాన్నగారితో షోలవరం వెళ్లిన మెకానిక్ ఎవరైనా బతికుంటే వెంటనే వెళ్లి కలవండి, ఆయన మాటలు ఫోన్‌లో రికార్డు చేయండి. ఆ తరం మనుషులు తగ్గిపోతున్నారు.

అమ్మగారితో కూడా అదే పని చేయండి. ఆవిడ ఏదీ తేల్చి చెప్పడం లేదని రాశారు. బహుశా మీరిద్దరూ ఆవిడను అమ్మాలా వద్దా అనే అడుగుతున్నారేమో. ఆ కారు ఇంటికి ఎలా వచ్చింది, ఇంజిన్ పగిలిన రోజు ఏమైంది, రేసు ఆదివారాల్లో ఇంట్లో ఎలా ఉండేది అని అడిగి చూడండి. కారు చరిత్రకు ఆ మాటలు అవసరం. ఆవిడ మనసులో ఏముందో కూడా అందులోనే బయటపడుతుంది. ఇంకో సంగతి, విల్లు లేదు కాబట్టి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆ కారులో అమ్మగారికి, అన్నయ్యగారికి, మీకు సమాన వాటాలున్నాయి. మీ నాయనమ్మగారు జీవించి ఉంటే ఆవిడకూ ఉంది. వారసుల సర్టిఫికెట్ తీసుకోండి. అందరి సంతకాలూ లేకుండా ఎవరి దగ్గరా బయానా పుచ్చుకోకండి. నాన్నగారు వెళ్లి ఏడాదే అయింది కాబట్టి, ఇంట్లో పెద్దావిడ ముందే బేరం నడవడం మంచిది కాదని కూడా నా మనసుకు తోస్తోంది.

స్థలం ఖాళీ చేయడం గురించి ఎక్కువ కంగారు పడకండి, అది చిన్న కారు. తేమ లేని గది, ఎలుకలు దూరని తలుపు ఉంటే చాలు. మీ ఊళ్లోనే జి.డి. నాయుడు గారి సంస్థ నడిపే జీడీ కార్ మ్యూజియం ఉంది. కొంతకాలం ప్రదర్శనకు ఉంచుకుంటారేమో అడగండి. ఒప్పుకుంటే మాత్రం యాజమాన్యం మీదేనని, ఏ భాగం విప్పకూడదని, ఇన్సూరెన్స్ ఎవరిదో రాతపూర్వకంగా ఉండాలి. ఇక కదిలించే విషయం. మీ ఊరి ఫౌండ్రీలకు పగుళ్ల పరీక్షలు చేసే ల్యాబులున్నాయి. స్టీరింగ్ భాగాలు, సస్పెన్షన్ చేతులు, చక్రాలు అక్కడ పరీక్ష చేయించాకే ఎవరైనా కూర్చోవాలి. బ్రేకు గొట్టాలు, పెట్రోలు పైపులు, టైర్లు, బెల్టులు కొత్తవి వేయించండి. ప్రాణానికి సంబంధించిన చోట పాతదనం పట్టింపు పెట్టుకోకూడదు. తీసిన పాత భాగాలు మాత్రం చీటీ కట్టి పెట్టెలో దాచండి. ఈ మొత్తం పని అన్నయ్యగారి 45 లక్షల దరిదాపుల్లోకి కూడా రాదు. అంతా సవ్యంగా తేలాక చెట్టిపాళయంలోని కరి మోటార్ స్పీడ్‌వేలో ఒక పూట అడిగి తీసుకుని, అన్నయ్యగారు సెలవులకు వచ్చినప్పుడు నెమ్మదిగా నాలుగు రౌండ్లు వేయమనండి. డ్రైవర్‌గా ఆయనకు ఈ కారు కావాలో, అమ్మకపు లెక్కగానే కావాలో ఆయనకే తెలిసిపోతుంది.

అప్పటికి మీ ముగ్గురిలో ఒక్కరైనా ఈ కారు నాది అని పూచీ తీసుకునేవాళ్లుంటే ఉంచుకోండి. ఏటా ఇంజిన్ తిప్పడం, ద్రవాలు మార్చడం, గది చూసుకోవడం, ఇవన్నీ ఒక మనిషి మీద పడే పనులు. ఎవరూ లేకపోతే అమ్మేయండి, ఆ నిర్ణయానికి ఎవరూ బాధపడనక్కర్లేదు. అమ్మినప్పుడు ఫియట్ ఇంజిన్, ఆ అడాప్టర్ ప్లేటు, పగిలిన పాత ఇంజిన్ ముక్కలు మిగిలి ఉంటే అవి, కాగితాలు, రికార్డింగులు అన్నీ కారుతోపాటే వెళ్లాలని ఒప్పందంలో రాయించండి. విదేశీ కొనుగోలుదారు వస్తే ఎగుమతి నియమాలు కస్టమ్స్ ఏజెంట్‌నీ, పన్ను సంగతి ఆడిటర్‌నీ ముందే అడగాలి.

ఆ డీలర్‌కు ఈ రోజే ఒక మెసేజ్ పెట్టండి: "వారసత్వ కాగితాలు పూర్తి కాలేదు. ఆరు నెలల దాకా అమ్మే ఆలోచన లేదు. ఆ తర్వాత కూడా ఆసక్తి ఉంటే రాతపూర్వకంగా ఆఫర్ పంపండి." నిజంగా కావాలనుకుంటే ఆగుతాడు. ఆ తర్వాత అన్నయ్యగారికి ఫోన్ చేసి, బ్రిటన్ సంఘాలకు ఉత్తరాలు రాసే పని ఆయనకు అప్పజెప్పండి. నంబరు వెతికే పని మీది. ఛాసిస్ ప్లేటు, చక్రాల లోపలి వైపు, ఇంజిన్ గేర్‌బాక్స్ కలిసే చోటు, ఈ మూడింటి ఫొటోలు నాకు పంపితే తర్వాత ఏం చేయాలో చూసి రాస్తాను.